ఖాళీ చేయించిన కొలువులు

గ్లౌజులు కూడా విప్పనివ్వకుండా లూదియాను వార్డులోంచి లాక్కొచ్చారు. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు చెరో జబ్బ పట్టి మెట్లు దించి, ఆసుపత్రి గేటు బయటికి నెట్టేశారు. అక్కడ అప్పటికే ఆమె తోటి ఆయాలు, నర్సులు బైఠాయించి ఉన్నారు. కరోనా వచ్చినప్పుడు నంద్యాలలో ఈ ఆసుపత్రిని నిలబెట్టింది వాళ్లే. పర్మినెంటు చేయమని అడిగారని అందరినీ ఒక్కసారే తీసేశారు.

ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు వచ్చిన ఆర్షియా ఇదంతా ఇంటర్వ్యూ వరుసలో నిలబడి చూసింది. నర్సింగు పాసై ఇంట్లో కూర్చున్న పిల్ల. కుట్టుమిషన్లు బాగుచేసే నాయన మౌలా సాహెబ్‌కు చూపు మందగించింది. ఈ ఆసుపత్రి, దాన్ని నడిపే యూనివర్సిటీ కలిసి ఉద్యోగాలు ప్రకటించాయనగానే ఆ ఇంటికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఉద్యోగాలు ఎక్కడివో ఆర్షియాకు ఇప్పుడు అర్థమైంది. అర్థమైనా వరుసలోంచి కాలు కదల్లేదు.

గేటు దగ్గర మాటామాటా పెరిగింది. నోటికాడి కూడు లాక్కుంటారా అని తీసేసినవాళ్లు, మాకు అడ్డం పడతారా అని వరుసలోవాళ్లు. బండి ఆత్మకూరు నుంచి ల్యాబు పనికోసం వచ్చిన శాంతయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

“మేం యాడికి పోవాలక్కా? మా ఇండ్లల్లో పొయ్యి ఎలగొద్దా?”

“ఎలగాల,” అంది లూదియా. “ఆసుపత్రికి కొత్త బిల్డింగు కట్టి, మనుషుల్ని పెట్టకుండా తాళమేసినారే, దాంట్లోకి తీసుకోమని అడగండప్పా. మేమూ మీ తోడు అడుగుతాం. మమ్మల్ని ఈడ్చేసి ఆ జాగాలోకి మిమ్మల్ని పిలుస్తాండారు. రేపు మీరు నోరు తెరిస్తే?”

శాంతయ్య తిరిగి వరుసలోకి వెళ్లాడు.

ఆఫీసరు సుందరరాజు బయటికొచ్చాడు. లోపలికి వచ్చినవాళ్లకు ఈరోజే డ్యూటీ అనీ, గొడవల్లో చేరినవాళ్లకు ఈ గడప ఇక మరిచిపోవడమేననీ చెప్పి, మొదటి పేరు పిలిచాడు. ఆర్షియాదే. ఆమె తలుపుదాకా వెళ్లింది.

“పర్మినెంటేనా సార్?”

ఇప్పటికి కాంట్రాక్టేననీ, పని చూసి తర్వాత ఆలోచిస్తామనీ ఆయన అన్నాడు.

“గేటుకాడి ఆ అక్క పని ఇన్నేండ్లూ చూడలేదా మీరు?”

లోపలికి రా, లేదా పక్కకు తప్పుకో అన్నాడాయన. ఆర్షియా తప్పుకుంది. వెనక్కి నడిచి వెళ్లి లూదియా పక్కన కూలబడింది. శాంతయ్య తనలో తాను తిట్టుకుంటూనే వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత వరుస మొత్తం చెదిరి గేటు ముందుకు చేరింది. ఉన్నవాళ్లను ఉంచాలి, కొత్త బిల్డింగులోకి కొత్తవాళ్లను తీసుకోవాలి: ఇప్పుడు రెండు గుంపులదీ ఒకే కేక.

మధ్యాహ్నం పోలీసులు దిగారు. ముందుగా లూదియాను, ఆర్షియాను వ్యాను ఎక్కించారు. నాయనకు ఏమని చెప్పాలో ఆర్షియాకు తోచడం లేదు. అయినా బయటివాళ్ల కేకకు గొంతు కలిపింది.

వ్యాను కదులుతుండగా చాగలమర్రి బస్సు ఆగింది. సర్టిఫికెట్లు పట్టుకొని కొందరు దిగి, ఇంటర్వ్యూ ఎక్కడని అడిగినట్టున్నారు. శాంతయ్య జరిగి చోటిచ్చి, ఏదో చెప్పాడు. ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒకమ్మాయి మాత్రం గేటుకేసి చూస్తూ నిలబడిపోయింది. వ్యాను మలుపు తిరిగేలోగా ఆమె కూడా కూర్చోవడం, కిటికీ జాలీలోంచి ఆర్షియా చూసింది.