పన్నెండో నంబరు పెట్టెలోని గాజు

నేను ఒక గాజు పట్టకాన్ని. మూడు పలకలు, మూడు అంచులు, అరచేతిలో ఇమిడిపోయే ఒళ్ళు. అంబాలాలో ఏదో కొలిమిలో ఇసుకతో పాటు సీసం కలిపి కరిగించి నన్ను పోశారు. ఆ సీసం వల్లే నాకీ బరువు. నాలోంచి పోయే వెలుగు ఎక్కువగా వంగేదీ దాని వల్లే. ఇలాంటి గాజును ఫ్లింటు అంటారు. సీసం లేని తేలికపాటి గాజు పేరు క్రౌను. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, తక్కినదంతా మనుషుల సంగతే.

రాయలసీమలోని ఒక యూనివర్సిటీకి నన్ను పంపారు. ఫిజిక్సు డిపార్టుమెంటులో చివరి గది, కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన చీకటిగది, నా కాపురం. అక్కడ సోడియం దీపం ఒక్కటే వెలుగు. ఆ పసుపుపచ్చటి వెలుగులో ఎర్రచీర బూడిదరంగుకు తిరుగుతుంది, పెదవులు నల్లబడతాయి, బతికున్న ముఖాలు కూడా పీనుగుల్లా కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన పిల్లలు పక్కవాళ్ళను చూసి ఉలిక్కిపడతారు. ఈ గదిలో దయ్యం ఉందని ప్రతి బ్యాచికీ సీనియర్లు చెప్తారు. నేను వచ్చిన కొత్తలో మాత్రం లేదు.

యూనివర్సిటీ జీవితం నాకు చాలావరకు గోడ అవతల నుంచి వినబడిందే. మెస్సులో సాంబారు నీళ్ళలా ఉందని స్ట్రైకు, ఎన్నికల నినాదాలు, హాస్టల్ డే డప్పులు. ఏడాదికొక్కసారి సైన్సు దినోత్సవానికి నన్ను ఎండలోకి తెచ్చేవారు. నేను గోడ మీద ఏడు రంగులు పరిచేదాన్ని. ముఖ్య అతిథి దాని పక్కన నిలబడి ఫొటో దిగి, మూఢనమ్మకాలు వదలాలని అరగంట మాట్లాడి, రాహుకాలం రాకముందే బయల్దేరాలని కారెక్కేవాడు.

ప్రయోగాలకు మాత్రం వేరే నమ్మకం ఉండేది. సీనియర్ల రికార్డు పుస్తకం బ్యాచి నుంచి బ్యాచికి చేతులు మారేది. ఏ పెట్టెలోని పట్టకానికి ఎంత జవాబు, అంటే వెలుగును వంచే కొలత, రావాలో అందులో ఉంటుంది. ఆ జవాబు ముందు రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి, చూడని రీడింగులను చూసినట్టు నింపుతారు. దీన్ని వాళ్ళు వండటం అంటారు. మరీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని అక్కడక్కడా రెండు మూడు నిమిషాలు తేడా పెడతారు. నిమిషమంటే ఇక్కడ కాలం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. వంటలో ఉప్పు లాంటిది.

వండనివాడు ఒక్కడే నాకు తెలుసు. ఓబులేసు. తాడిపత్రిలో బండలకు పాలిషు పట్టే ఆయన కొడుకు. నన్ను చొక్కా అంచుతో తుడిచి, బల్ల మీద నిలబెట్టి, కోణాలు కొలిచే దుర్బిణి గొట్టానికి కన్ను ఆనించి కూర్చునేవాడు. నన్ను మెల్లగా తిప్పుతుంటే పచ్చటి గీత కొంతదూరం జరిగి, ఒకచోట ఆగి, వెనక్కి తిరుగుతుంది. ఆ ఆగిన చోటే లెక్క. అక్కడికి వచ్చేసరికి అతను ఊపిరి బిగబట్టేవాడు. పది నిమిషాల్లో రాసి క్యాంటీనుకు పోయే స్నేహితులు అతనికి రీడింగుల స్వామి అని పేరు పెట్టారు. నాకు అతనంటే ప్రాణం. ఆ కంటి కోసమే నన్ను పోశారేమో అనిపించేది.

ఆఖరి సెమిస్టరులో అతనికి బెంగుళూరులో రీసెర్చి సీటు వచ్చింది. పరీక్షలన్నీ మొదటిసారే పాసవ్వాలని ఒక్కటే షరతు.

సరిగ్గా అప్పుడే యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందన్నారు. గోడలకు సున్నాలు, దారి పొడవునా పూలకుండీలు. ల్యాబు చూసే సుందరరాజుగారు అటెండరు మస్తాన్‌వలిని నిలబడనివ్వలేదు. ముప్పయ్యేళ్ళ సర్వీసున్న మస్తాన్‌వలి చూపు అప్పటికే మందగించింది. పట్టకాలన్నిటినీ ఒకే బకెట్టులో సబ్బునీళ్ళతో కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, చేతికందినదాన్ని అందిన పెట్టెలో సర్దేశాడు. నేను పన్నెండో నంబరు పెట్టెలోకి చేరాను. దాని మీద క్రౌను అని రాసి ఉంది. కమిటీ వచ్చింది, పెట్టెలు వరసగా ఉన్నాయని మెచ్చుకుంది, భోజనానికి వెళ్ళింది.

రెండు వారాలకు ప్రాక్టికల్ పరీక్షలు. మొదటి రెండు రోజులూ నన్ను తీసుకున్నవాళ్ళు పెట్టె మీద పేరు చూసి, ఒకటి పాయింటు ఐదు రెండు అని రికార్డులోని జవాబే రాశారు. అందరికీ మంచి మార్కులు పడ్డాయి. మూడోరోజు చీటీ తీస్తే ఓబులేసుకు నేను వచ్చాను.

క్రౌనుకైతే ముప్పైతొమ్మిది డిగ్రీల దగ్గర ఆగాల్సిన గీత నలభై ఎనిమిది దగ్గర ఆగింది. అతను మళ్ళీ చూశాడు. అన్నీ విప్పి, మొదటినుంచి సరిచేసి మళ్ళీ చూశాడు. నలభై ఎనిమిదే. అప్పుడు నన్ను అరచేతిలో పెట్టుకుని పైకెత్తి తూచాడు. అన్ని రోజుల్లో నన్నలా ఎత్తి చూసింది అతనొక్కడే.

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు పేపరు చూసి నొసలు ముడిచాడు. ఒకటి పాయింటు ఆరు రెండు ఎలా వచ్చిందని అడిగాడు.

"ఇది క్రౌను కాదేమో సార్. బరువుగా ఉండాది," అన్నాడు ఓబులేసు.

"పెట్టె మీద ఏం రాసుందో చూడవయ్యా. పది నిమిషాలిస్తాను, రీడింగులు సరిచేసుకో."

"మూడు తూర్లు చూసినా సార్. నాకు కనపడిందే రాసినా. కనపడంది యాడ్నుంచి తెచ్చేది?"

ఎగ్జామినరు చెడ్డవాడేం కాదు, పది నిమిషాలు నిజంగానే ఆగాడు. సుందరరాజుగారు ఓబులేసును రెండేళ్ళుగా ఎరుగుదురు. కానీ ఎగ్జామినరుగారిని రైలెక్కించాలని గడియారం చూసుకున్నారు. అవతలి బల్ల మీది తేలికపాటి పట్టకాన్ని తెచ్చి నా పక్కన పెడితే తేలిపోయేది. రెండడుగులు. ఎవరూ వేయలేదు. నాకు నోరుంటే ఆరోజు గది అదిరిపోయేది.

ఓబులేసు పరీక్ష తప్పాడు. బెంగుళూరు సీటు పోయింది. ఆ సంగతి మస్తాన్‌వలి దుమ్ము దులుపుతూ తనలో తాను అనుకుంటుంటే విన్నాను. బంగారంలాంటి పిల్లోడు, యాడ పొరపాటు చేసినాడో ఏమో అని కళ్ళొత్తుకున్నాడు. పాపం, ఆ పొరపాటు తన తువ్వాలు మీద జరిగిందని అతనికి తెలియదు.

ఆ తర్వాత ఆరునెలలూ నాకు ఆ గదిలో మనశ్శాంతి లేదు. పట్టపగలు, ఎవరూ లేనప్పుడు, గొట్టం అవతల ఊపిరి బిగబట్టిన చప్పుడు. ఎవరో చొక్కా అంచుతో నన్ను తుడుస్తున్నట్టు ఉండేది. కొత్త బ్యాచి పిల్లలు ఆ బల్ల దగ్గర చల్లగా ఉందని దూరం జరిగేవారు. అతను వస్తాడు, మళ్ళీ చూస్తాడు, ఈసారి ఎవరో ఒకరు ఆ రెండడుగులూ వేస్తారు. ఆ ఆశతోనే రోజులు లెక్కపెట్టాను.

సప్లిమెంటరీ పరీక్షకు ఓబులేసు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చీటీలో మళ్ళీ అదే ప్రయోగం, అదే పన్నెండో నంబరు పెట్టె. మూత తీసి నన్ను ఎత్తాడు. అరచేతిలో ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచుకున్నాడు. బరువు తెలిసింది, నేనెవరో అతనికి తెలిసింది. నన్ను బల్ల మీద నిలబెట్టి దీపం వెలిగించాడు. నేను గీతను ఉన్న చోటే నిలిపాను.

అతను కలం తీశాడు. ముందుగా పేజీ అడుగున ఒకటి పాయింటు ఐదు రెండు అని రాశాడు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చాడు. ముప్పైతొమ్మిది చుట్టూ అంకెలు పేర్చాడు. అక్కడక్కడా రెండు నిమిషాలు, మూడు నిమిషాలు తేడా పెట్టాడు. మూడు గంటలూ దీపం వెలుగుతూనే ఉంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వంగుతాడేమోనని చూశాను. గొట్టం వైపు తల కూడా తిప్పలేదు.

సుందరరాజుగారు పేపరు చూసి యాభైకి నలభై ఎనిమిది వేశారు.

"ఇప్పుడు దారిలో పడినావు, ఓబులేసూ. ఈ పని అప్పుడే చేసుంటే పోయేది కదా నాయనా," అన్నారు, నిజంగా బాధపడుతూనే.

ఓబులేసు అవును సార్ అన్నాడు. దీపం ఆర్పి, నన్ను తీసి పెట్టెలో పెట్టాడు. అతని చెయ్యి వణుకుతుందనుకున్నాను. వణకలేదు. ఇన్నేళ్ళయినా నాకు భయం వేసేది అందుకే.