నడుమ ఆకు లేని బతుకమ్మ

గునుగు కాడలు కోసీ కోసీ నాగరత్నం బొటనవేలు పచ్చబడింది. బడి వరండాలో చాప మీద కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. ఎదురుగా ఇత్తడి తాంబాళం, అందులో గుమ్మడాకులు, ఆకుల మీద తంగేడు వరస, దాని పైన గులాబి రంగు అద్దిన గునుగు. యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టి, భుజాలు మాత్రం వెడల్పు. ఏళ్ల తరబడి నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడిపోయాయి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఈ ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా ఆయా.

దసరా సెలవుల ముందు వారం. సోమవారం ముగ్గుల పోటీ, మంగళవారం కోలాటం, బుధవారం బొమ్మలు వేయడం, నిన్నేమో నానమ్మలూ తాతయ్యలూ వచ్చి కథలు చెప్పడం. పోటీలు పిల్లలవి, చాకిరీ నాగరత్నానిది. రంగులు కడిగింది, వాంతులు ఎత్తింది, ఒకటో తరగతిలో వరసగా కూర్చోబెట్టి అందరికీ జడలు వేసింది. ఇవాళ శుక్రవారం, బతుకమ్మ. ఈ ఒక్క రోజు కోసమే ఏడాదంతా పంటి బిగువున ఓర్చుకుంది.

పోయినేడాది ఇదే వారంలో రెండో తరగతి పిల్ల వెండి పట్టీ పోయింది. హెడ్మిస్ట్రెస్ కమలకుమారి ప్రార్థన వేళ నాగరత్నాన్ని ముందుకు పిలిచింది. ఆమె సంచీ లాక్కుని మూడు వందల మంది పిల్లల ఎదుట బోర్లించింది. టిఫిన్ డబ్బా దొర్లింది, బీపీ మాత్రలు పడ్డాయి, మడతపెట్టిన లోపలి లంగా పడింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మూడో రోజు ఆ పట్టీ కుళాయి గట్టు వెనక దొరికింది. "సర్లే, దొరికింది కదా, ఇంక వదిలెయ్" అంది కమలకుమారి. వదిలెయ్యాలట! ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాగరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

బతుకమ్మకు బలం పూలలో ఉండదు. వరస పేర్చిన ప్రతిసారీ నడుమ తరిగిన ఆకులూ కోసేసిన కాడలూ దట్టంగా నింపి అదమాలి. నింపకపోయినా చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. ఎత్తుకుని నాలుగడుగులు వేస్తే మాత్రం కుప్పకూలుతుంది. ఇవాళ నాగరత్నం నింపడం లేదు. వరసలు నిలవడానికి చుట్టూ దారం కట్టి, ఆకంతా పక్కన గంపలో పోస్తోంది.

అటుగా వచ్చిన స్వర్ణ టీచర్ గంప చూసి ఆగింది.

"ఏంది రత్నమ్మా, ఇంత ఆకు మిగిలింది?"

"మేకలకు."

"మన బళ్లె మేకలేడున్నయి?"

"ఉంటయి టీచర్, నువ్వు వో. పిల్లలు లొల్లి వెడ్తున్నరు."

ఏటా ఈ బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మైదానంలోకి నడిచేది కమలకుమారే. "తెల్లారుజామునే లేచి నేనే పేర్చానండీ" అని వచ్చినవాళ్లకు చెప్పుకునేదీ ఆమే. ఇవాళ విద్యాశాఖ నుంచి పెద్ద అధికారిణి వస్తోంది. పడనీ. ఆమె పట్టుచీర మీదే, అందరూ చూస్తుండగా పడనీ. నాగరత్నం పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, తమలపాకులో పెట్టి, పైన నిలిపింది. తల్లీ, నువ్వు జర పక్కకుండు, నీతో నాకు పంచాయితీ లేదు అనుకుంది.

పదిన్నరకు అధికారిణి వచ్చింది. తరగతికొక చిన్న బతుకమ్మను మైదానం మధ్యలో దించి పిల్లలు చుట్టూ నిలబడ్డారు. కమలకుమారి గబగబా వరండాలోకి వచ్చింది.

"అబ్బ, ఎంత బావుందో! కానీ నాకు పొద్దుట్నుంచీ మెడ పట్టేసిందే నాగరత్నం. లహరీ, నువ్వు ఎత్తుకోమ్మా."

లహరి ఐదో తరగతి. సన్నటి చేతులు, కొత్త పరికిణీ. "నేనా మేడం?" అంది, సంతోషం పట్టలేక. అప్పుడే చుట్టకుదురు నెత్తిన పెట్టేసుకుంది.

నాగరత్నం ఆ చుట్టకుదురు వైపు చూసింది. కూలేది ఈ పిల్ల నెత్తి మీద. నవ్వేది ఈ పిల్లను చూసి. తిట్లు తినేదీ ఈ పిల్లే. పరువు పోయేదానికి కూడా ఇంకొకరి తలే దొరికిందా ఈ మహాతల్లికి! ఏడాదినాటి కోపం రెట్టింపయింది.

"ఆగు బిడ్డా" అని తాంబాళాన్ని తనే రెండు చేతులా ఎత్తి, పొట్టకు ఆనించుకుని, మెల్లగా మైదానంలో అధికారిణి కూర్చున్న చోట, మైకు దాకా నడిచింది. కమలకుమారి వెనకే పరుగెత్తుకొచ్చింది. నాగరత్నం తాంబాళం దించింది. గౌరమ్మను తీసి ఆమె దోసిట్లో పెట్టింది.

"పట్టుకోన్రి మేడం. కింద వెట్టొద్దు, అమ్మవారు."

తర్వాత తాంబాళాన్ని మైకు ముందు పరిచిన చాప మీద బోర్లించింది. పూలు జలజలా రాలాయి. లోపల గుప్పెడు ఆకు కూడా లేదు.

"నాగరత్నం! పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టలే. లోపల ఏం లేదు, సూడున్రి. పోయినేడు గీడనే నా సంచీ బోర్లిచ్చిన్రు. దాంట్ల గూడ ఏం లేకుండె." అధికారిణి వైపు తిరిగింది. "దొంగనన్నరు మేడం నన్ను. పట్టీ దొరికినంక ఒక్క మాట అనలే."

"నిజమేనా?" అంది అధికారిణి.

కమలకుమారి దోసిలి దించలేదు, గౌరమ్మను నేల మీద పెట్టలేదు. చెమటకు కరిగిన పసుపు మోచేతుల మీదుగా చీర మీదికి కారింది. "అదీ... ఏదో పొరపాటున..."

"పొరపాటు గాదు. పిల్లలందరి ముంగట జేసిన్రు. గా పిల్లల ముంగటనే జెప్పున్రి."

"తప్పయింది."

"ఇనవడలే. మైకుల జెప్పున్రి."

"తప్పయింది నాగరత్నం!"

గొంతు మైకులో గోడలు దాటి వినబడింది. నాగరత్నానికి కడుపు చల్లబడింది. సిగ్గూ బిడియం లేకుండా సంతోషించింది. ఏడుపు మొహం పెట్టిన లహరి బుగ్గ నిమిరింది.

"మీ క్లాసు బతుకమ్మ నిండుగున్నది బిడ్డా. నేనే అదిమిన. పో, ఆడుకో."

"రేపట్నుంచి నువ్వు ఈ బళ్లో అడుగుపెట్టకు" అంది కమలకుమారి, పళ్లు నూరుతూ.

"నేనే రాను."

బతుకమ్మల చుట్టూ పిల్లల పాట, చప్పట్లు మొదలయ్యేసరికి నాగరత్నం గేటు దాటి, గౌలిగూడ వైపు నడుస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు.

మధ్యాహ్నం బడికి సెలవులిచ్చారు. గౌరమ్మను తీసుకెళ్లి నీళ్లలో కలిపే పని ఏటా నాగరత్నానిది. ఈసారి అది ఎవరికీ తోచలేదు. తాళం వేసిన గదిలో, హెడ్మిస్ట్రెస్ బల్ల అద్దం మీద, వడిలిన తమలపాకులో గౌరమ్మ ఎండి నడిమికి పగిలింది.