జవాబుకు రెండు నిమిషాలు

మా మణిదీప్‌కి ఇరవై మూడేళ్లు. వాడికి ఆటిజం. ఎవరేం అడిగినా వాడి తరఫున జవాబు చెప్పేది నేనే. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, ఆఖరికి క్షవరం చేసేవాడి దగ్గర కూడా. వాళ్ల నాన్నకి స్టీలు ప్లాంటులో షిఫ్టులు, ఆయనకెక్కడ కుదురుతుంది? ఇన్నేళ్లలో నన్నెవరూ తప్పుపట్టలేదు, ఆ శనివారం ప్రియదర్శిని వచ్చేదాకా.

ఆ అమ్మాయికీ ఆటిజమే. ఆటిజం ఉన్నవాళ్లే కొందరు బృందంగా చేరి, తమలాంటి కుర్రకారు ఒంటరితనం మీద పరిశోధన చేస్తున్నారట. ప్రశ్నలు తయారుచేసేదీ, అడిగేదీ కూడా వాళ్లే. ఈ ఇంటర్వ్యూ సరిగ్గా పూర్తయితే దేవేంద్ర నగర్‌లో ఉన్న తమ బృందంలోకి మావాణ్ణీ తీసుకుంటారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ వాడు ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

ఆమె నా ముఖం చూడకుండానే వాచీ తీసి బల్లమీద పెట్టింది. ప్రతి ప్రశ్నకీ రెండు నిమిషాలు ఆగుతుందట. ఈలోగా నేను జవాబు చెబితే ఆ ప్రశ్న పోయినట్టే. మూడు పోతే ఇంటర్వ్యూ రద్దు. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి కన్నది నేనా, ఈ పిల్లా?

స్నేహితులున్నారా అని అడిగింది. మావాడు వేళ్లు నలుపుకుంటూ కూర్చున్నాడు. మేమంతా లేమా అనేశాను. ఒకటి పోయింది. సాయంత్రాలు ఎవరితో గడుపుతావంది. నాతోనే అని నోరు జారాను. రెండోదీ పోయింది. మణిదీప్ చొక్కా గుండీ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాడు.

"ఆంటీ, ఇంకొక్కసారి మాట్లాడితే నేను వెళ్లిపోవాలి" అని, ప్రియదర్శిని వాడివైపు తిరిగింది. "నీకు ఎప్పుడు ఒంటరిగా అనిపిస్తుంది?"

నిమిషం గడిచింది. వాడు నావైపు చూశాడు. చెప్పమని అడిగే ఆ చూపు నాకు తెలుసు. నేనుండగా వాడికెందుకు అనిపిస్తుందన్న మాట గొంతు దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిమిషమున్నర. ఇంకో పది సెకన్లు ఉన్నాయనగా వాడు ఊగడం ఆపాడు.

"నన్నడిగితే అమ్మ చెప్తాది కదా" అన్నాడు. "అంతే, అప్పుడు."

ప్రియదర్శిని రాసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ చూపు చెప్పమని అడుగుతోందనే అనుకున్నాను. చెప్పొద్దని బతిమాలుతోందని ఒక్కనాడూ తట్టలేదు.

మా బృందంలోకి వస్తావా అని అడిగి, ఆమె మళ్లీ వాచీ చూసుకుంది. ఆ జవాబు నాకు తెలుసు. లేచి వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.