టాంకు మూత

ఆ రోజు ఇంట్లో ముగ్గురున్నారు. షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్, వంటగదిలో టీ వడగడుతూ అక్కణ్ణుంచే అతనితో దెబ్బలాడుతున్న భార్య, షెడ్డు గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్న అతని అత్తగారు. కారుని కూడా కలుపుకుంటే నలుగురు. ఆ ఇంట్లో దాన్ని కలుపుకోని రోజు లేదు.

"ఊళ్ళో బళ్ళన్నీ మీ చెయ్యి తగిలితే గుర్రాలవుతాయి. పెళ్ళాం బండి మాత్రం కొండ మీద కూలబడుతుంది," అంది భార్య.

"నేను తోలితే బానే ఉంది కదా."

"మీ ముందు బుద్ధిమంతురాలు. మీరు దిగగానే నా మీద అలుగుతుంది. ఎవరి పెంపకమో మరి!"

అత్తగారు కొంగు చాటున నవ్వింది. అతను కూడా కారు కింద నవ్వుకున్నాడు కానీ ఎవరికీ కనపడలేదు.

కారు పాతది, డీజిలు బండి. భార్య దాన్ని బాడుగకి తిప్పుతుంది. కొన్నాళ్ళుగా అది చదును మీద చక్కగా పోతూ, కొండ దారిలో ఉన్నట్టుండి నీరసపడిపోతోంది. ఎంత తొక్కినా మూలుగుతుందే తప్ప కదలదు. వెనక లారీలు హారన్లు కొడతాయి. పక్కకి తీసి కాసేపు ఊరుకుంటే మళ్ళీ ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది.

అతను డీజిలు ఫిల్టరు మార్చాడు. గాలి ఫిల్టరు దులిపాడు. పైపులోకి గాలి చొరబడుతోందేమోనని మధ్యలో గాజులాంటి ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి, బుడగలు కనపడతాయేమోనని చూశాడు. ఒక్క బుడగ లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. అలా వింటాడనే అతన్ని వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. ఆ చెవికి కూడా ఏమీ దొరకలేదు.

ఇవాళ దొరికి తీరాలి. అత్తగారు కొండ అవతల ఉన్న చిన్న కూతురింటికి వెళ్ళిపోతోంది. ఆ అమ్మాయికి నెలల పసిపాప. రేపట్నుంచి మళ్ళీ పనికి వెళ్ళాలి. పాపని చూసేవాళ్ళు లేరు. బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా పాప అమ్మమ్మదే. బస్సంటే ఆవిడకి పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పేస్తుంది. బండి కొండ ఎక్కకపోతే ప్రయాణం లేదు. పాపకి కుట్టిన చిన్న చిన్న గౌన్లు సంచిలో పైనే పెట్టుకుని ఆవిడ పొద్దున్నే తయారైపోయింది.

"కొండ దాకా ఒకసారి చూసి వద్దాం," అన్నాడు అతను చేతులు తుడుచుకుంటూ. "ఈసారి నువ్వు తోలు. నేను పక్కన కూర్చుని వింటాను."

"నేనూ వస్తానని చెప్పవే," అంది అత్తగారు కూతురితో. "నా బరువుతో ఎక్కుతుందో లేదో కూడా చూసుకోవాలి కదా."

అల్లుడు ఎదురుగానే ఉన్నాడు. అయినా ఆవిడ ఏ మాటైనా కూతురి మీదుగానే చెప్పేది. అతనూ అలాగే. ఆవిడ ఆ ఇంటికి వచ్చిన కొత్తలో బిడియం వల్ల మొదలైంది, తర్వాత అదే వాళ్ళ మాట్లాడుకునే తీరైపోయింది. మధ్యాహ్నం ఆవిడ టీ గ్లాసు తెచ్చి షెడ్డు గుమ్మంలోని డ్రమ్ము మీద పెట్టి చెంచాతో రెండుసార్లు కొడుతుంది. అతను వచ్చి తాగుతాడు. ఆవిడ పీట మీద కూర్చుని అతని చేతుల్ని చూస్తుంది. అంతే.

అతను అలవాటుగా టాంకు మూత తియ్యడానికి వెనక్కి నడిచాడు.

"ఇదిగో, మళ్ళీ మొదలు!" అంది భార్య. "బండి తియ్యబోయే ముందు ఆ కన్నంలోకి తొంగి చూడందే ఈయనకి తోచదు. అందులో ఏమన్నా దాచారా? డీజిలు ఉందండీ, ఎక్కండి."

ఎక్కాడు.

కొండ మొదట్లో బండి హాయిగానే పోయింది. రెండో మలుపు దాటాక ఇంజను గొంతు మారింది. అతను కళ్ళు మూసుకున్నాడు. బండి ఆగిపోతోందని తెలిసి, ఆగితే ఆగనీ అని లోపలెక్కడో అనిపించింది. రేపు మధ్యాహ్నం కూడా డ్రమ్ము మోగుతుంది. వెంటనే ఒళ్ళో సంచి పట్టుకుని వెనక కూర్చున్న మనిషి గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. మళ్ళీ చెవి పెట్టాడు.

గాలి చొరబడిన ఇంజను తడబడుతుంది, తుమ్ముతుంది. ఇది తుమ్మడం లేదు. ఒకే తీరుగా సన్నబడిపోతోంది. దప్పికతో ఉన్న మనిషి గొంతులా ఉంది.

"చూశారా? ఇప్పుడు చెప్పండి!" అంటూ భార్య బండిని పక్కకి తీసింది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

తను తోలితే రాదు, ఆమె తోలితే వస్తుంది. తను చేసేదీ ఆమె చెయ్యనిదీ ఏమిటి? అతను దిగి టాంకు దగ్గరికి వెళ్ళి మూత తిప్పాడు. అది బిగుసుకుని ఉంది. కాస్త గట్టిగా తిప్పేసరికి హుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది, చాలాసేపు ఊపిరి బిగబట్టినవాళ్ళు పీల్చుకున్నట్టు.

అతను ఇన్నాళ్ళూ టాంకులోకి చూశాడే గానీ చేతిలోని మూతని తిరగేసి చూడలేదు. ఇప్పుడు చూశాడు. లోపల గుండ్రటి తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ, అతికినట్టు కూర్చుని ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

"నాకేం తెలుసు?" అంది భార్య.

వెనక సీట్లో సంచి కదిలింది. "అది నేను పెట్టానని చెప్పవే."

"ఎదురుగా ఉన్నారుగా, నువ్వే చెప్పుకో!"

ఆవిడ కిటికీలోంచి కొండని చూస్తూ చెప్పింది. "పోయినసారి పాపని చూసి వస్తుంటే ఆ డీజిలు కంపుకి ప్రాణం పోయిందనుకోండి. చూస్తే మూతలో రబ్బరు అరిగిపోయి ఉంది. పాల ప్యాకెట్టు కోసి పెట్టాను. ఇంజను అతుకుల మధ్య పెట్టడానికి మీరు అట్టలు కోసుకుంటారే, అలాగే. మూత మీద పరిచి, అంచు చుట్టూ తట్టి, గీత పడ్డాక కత్తెరతో."

"నాతో ఒక మాట అనాల్సింది అత్తయ్యా."

"మీరు ఊపిరాడని పనిలో ఉంటారు. ఇంత చిన్నదానికి పిలవడమెందుకని."

"ఊపిరాడనిది నాకు కాదు, దీనికి," అన్నాడు అతను బండిని తడుతూ.

ముందు భార్య నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు. మూతలో సూది మొనంత కన్నం ఉంటుందనీ, టాంకులో డీజిలు తగ్గుతున్నకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలనీ, పోకపోతే ఇంజను ఎంత లాగినా డీజిలు అందదనీ అతను చెప్పాడు. తను ప్రతిసారీ మూత తీసి బయల్దేరేవాడు, అందుకే తన ముందు అది బుద్ధిగా ఉండేది.

అతను బిళ్ళని వెలుతురుకి పట్టి చూశాడు. అంచు వెంట ఎక్కడా వంకర లేదు, చీలిక లేదు.

"కోత మాత్రం బాగుంది."

ఇంటికి వచ్చేదాకా ఆవిడ ముఖం వెలుగుతూనే ఉంది.

బండి బాగుపడిందని తేలేదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తిప్పడమే అతని అలవాటు. ఎన్ని బళ్ళు తోలినా ఆ కొండకి అవతల వైపు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఇవాళ కూడా మూడో మలుపు దాటి బండి చులాగ్గా ఎక్కడం చూసి, "ఇంక చాలు, తిప్పు," అన్నాడు.

షెడ్డులో పాత ట్యూబు రబ్బరు తీసి కత్తెరతో సహా అత్తగారి ముందు పెట్టాడు. "మీరే కొయ్యండి." ఆవిడ పీట మీద కూర్చుని, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని, గుండ్రంగా కోసింది. మధ్యలో కన్నం అతను కొట్టాడు. మూత బిగించాక ఆవిడ వంగి వాసన చూసి తలాడించింది.

మంచంమీది దుప్పటి, సంచి, మందుల డబ్బా బండిలోకి ఎక్కాయి. ఆవిడ వెనక సీట్లో సర్దుకుని, కొంగు లోపలికి లాక్కుంది. ఈసారి కూతురి వైపు చూడలేదు.

"టీ చల్లారబెట్టుకోకండి బాబూ. మీకు పనిలో పడితే తెలీదు."

"పాప జాగ్రత్త అత్తయ్యా. మీరూ."

ఆ బండి వెనక తలుపు మామూలుగా వేస్తే పడదు. కొంచెం పైకి ఎత్తి వెయ్యాలి. అతను ఎత్తి, ఆవిడ మోచెయ్యి తగలకుండా చూసి, మెల్లగా వేశాడు. ఒకే చప్పుడు.

వీధి చివర నిలబడి విన్నాడు. మొదటి మలుపు, రెండోది. గొంతు మారలేదు. మూడోది కూడా దాటింది. తర్వాత అది అతనికి తెలియని దారి.

షెడ్డు గోడకి ఒక ఇనప తీగ ఉంది. తను కోసిన అట్టల్లో సరిగ్గా కుదిరినవాటిని, మళ్ళీ అలాంటిది కోసేటప్పుడు కొలతకి పనికొస్తాయని, అతను దానికి గుచ్చి ఉంచుతాడు. పాల ప్యాకెట్టు బిళ్ళని గుడ్డతో తుడిచి దాని దగ్గరికి తీసుకెళ్ళాడు. తీగకి ఎక్కాలంటే మధ్యలో కన్నం ఉండాలి. బల్ల మీద పెట్టి, మధ్యలో మేకు ఆనించి సుత్తితో ఒక్కటి కొట్టాడు.

అట్టలన్నిటి ముందు, ప్యాకెట్టు మీది నీలం అక్షరాల సగం ముక్కతో, ఆ తెల్ల బిళ్ళ గుమ్మంలోంచి వచ్చే గాలికి కాసేపు తిరిగి ఆగింది.