నాలుగు జవాబులు లేని లెక్క

ఆవిడ మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం గురకైనా లేదు. ఉన్న దురలవాటల్లా ఒక్కటే, పిల్లకి లెక్కలు చెప్పడం. మిగతావైతే మాన్పించడానికి డాక్టర్లున్నారు. దీనికి ఎవరూ లేరు.

ఆయన ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ మేనేజరు. ఒక్కగానొక్క కూతురు గువ్వకి ఇంజనీరింగులో సీటొచ్చింది తన టెక్నిక్కు వల్లేనని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ టెక్నిక్కు మహా తేలిక. ఎంట్రన్సు పరీక్షలో లెక్క చెయ్యకూడదు. కింద ఇచ్చిన నాలుగు జవాబుల్నీ ఒక్కొక్కటే తీసుకెళ్ళి లెక్కలో పెట్టి చూడాలి. ఏది ఇమిడితే అదే జవాబు. ఏదీ ఇమడకపోతే దేవుడి మీద భారం వేసి 'సి' పెట్టాలి. రెండేళ్ళు అలా వెనక్కి నడిచీ నడిచీ గువ్వ కాలేజీ గుమ్మంలో పడింది. ముందుకు నడవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

తీరా మొదటి ఇంటర్నల్ పరీక్షలో ప్రశ్నల కింద జవాబులు లేవు. గువ్వ కాగితం తిప్పి చూసింది. అక్కడా లేవు. అచ్చువాళ్ళు మర్చిపోయారు కాబోలనుకుని, పాపం, తనే నాలుగు జవాబులు కల్పించి రాసి, 'సి'కి టిక్కు పెట్టి వచ్చింది. లెక్కల మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో రాసింది: "ఆప్షన్లు బాగున్నాయి. లెక్క ఏదమ్మా?"

ఆదివారం పొద్దున ఆ పేపరు భోజనాల బల్ల మీదికి వచ్చింది.

"ఆ మేడమ్‌కి పేపరివ్వడమే రాదు," అన్నాడాయన. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అయినా నీకైనా ఉండాలిగా బుర్ర!"

"లేదు నాన్నా," అంది గువ్వ, తలెత్తకుండా. "రేపెళ్ళి కాలేజీ మానేస్తానని చెప్పొచ్చేస్తా."

బీన్స్ తరుగుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. ఎనిమిదో ఏట మిక్సీ విప్పి మళ్ళీ బిగించిన పిల్ల ఇది. ఒక స్క్రూ మిగిలిపోయిన మాట నిజమే గానీ, మిక్సీ ఇప్పటికీ తిరుగుతోంది. అలాంటిది తనకి బుర్ర లేదని తనే తీర్మానం చేసుకుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

"ఏమండీ, పోనీ ఒక్క లెక్క చేసి చూపించండి. అది చూశాక మానేస్తుందో లేదో తేల్చుకుంటుంది."

"అదెంత పని!"

ఆయన కళ్ళజోడు తుడిచాడు. పెన్సిల్ అడిగాడు. రబ్బరు అడిగాడు. టీ అడిగాడు. ఇది బాగా లేదని ఇంకో పెన్సిల్ అడిగాడు. అడగడానికి ఇంకేమీ మిగలకపోవడంతో లెక్క వంక చూశాడు. ఇంటిగ్రల్ గుర్తు పడగెత్తిన పాములా ఆయన వంక చూసింది. టీ మీద తొరక కట్టింది.

"ఇంతకీ ఆప్షన్లేవే?" అన్నాడు నెమ్మదిగా.

వారం రోజుల్లో మొదటిసారి గువ్వ పెదవి ఒక పక్కకి కదిలింది.

"నేనిస్తానుండండి," అని ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "పిల్లకి లెక్కలెందుకు రావట్లేదు? ఎ, మేడమ్‌ది తప్పు. బి, పిల్లకి బుర్ర లేదు. సి, నాన్నది తప్పు. డి, ఇవేవీ కావు."

"ఇదేం ప్రశ్నే, నీ మొహం!"

"తోచకపోతే ఏం పెట్టాలో మీరే నేర్పారుగా."

ఆయన 'ఎ' అనబోయి పిల్ల వైపు చూశాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా ఏడ్చినట్టుంది. ఆ సంగతి ఇప్పటిదాకా తన కంట పడలేదు.

"సి," అని గొణిగాడు.

"ఉత్త 'సి'కి మార్కుల్లేవండీ. స్టెప్పులు కావాలిట."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "జవాబు పట్టుకుని వెనక్కి రమ్మన్నాను. లెక్క ఎలా చెయ్యాలో చెప్పలేదు. ఎందుకంటే... నాకే రాదు. రేపు మేడమ్ దగ్గరికెళ్ళి మొదట్నుంచీ చెప్పమని అడుగమ్మా. నీ బుర్రకేం లోటు లేదు. తప్పు నాదే."

"వెనక బెంచీకి వినపడలేదు నాన్నా," అంది గువ్వ, పేపరు మడిచి సంచిలో పెట్టుకుంటూ.

"తప్పు నాదే!" అని అరిచాడాయన.