బస్సుల కుట్టిన బొంత

ఇగ ఆఫీసుకు రావద్దు, ఇంటికాన్నుంచే పనిచేసుకోండ్రి అని మెయిల్ వచ్చిన రోజు మా ఇంట్ల పండుగ చేసిన్రు. ఉత్త మాట కాదు, మా ఆయన శేఖర్ నిజంగనే కిలో జిలేబి పట్టుకొచ్చిండు.

"వసంతా, రోజుకు మూడు గంటలు మిగిలినయ్ నీకు! ప్రగతి నగర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఇగ ఆ పీడ లేదు" అన్నడు.

ఆయన్ననేం లాభం? రోజూ ఇంటికొచ్చి ట్రాఫిక్ మీద లొల్లి చేసింది నేనే. గని ఆ మూడు గంటలు నాకు మిగల్లే, పోయినయ్. ఈ మాట ఎవ్వలికి చెప్పాలె? చెప్తే నవ్వుతరు.

ఆఫీసు బస్సుల కిటికీ పక్క సీటు నాది. ఎక్కి కూసోంగనే బ్యాగులకెళ్లి బొంత తీసేదాన్ని. అమ్మ పాత చీరలతోని కుట్టే చిన్న బొంత. మా చెల్లె కళ్యాణి పిల్లల కోసం ఏండ్లకేండ్లు ఏడ్చింది. "నీకు పిల్ల ఎందుకు పుట్టదో చూస్త, ఇప్పుడే బొంత కుడుత" అని అమ్మ పంతంతోని మొదలువెట్టింది. సగం గూడ కాకముందే పోయింది. చూపు సరిగ ఆనకపోయేది ఆమెకు. కుట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, వరసలన్నీ వంకరటింకర. అమ్మ యాడ ఆపిందో ఆన్నుంచి నేను అందుకున్న.

గచ్చిబౌలి కాడ బస్సు ఆగిందంటే నాకు ఓ వరస అయ్యేది. అందరు డ్రైవరును తిట్టుకుంట కూసుంటే నేను కమ్మగ కుట్టుకునేదాన్ని. బస్సు ఊగినప్పుడు నా కుట్టు గూడ అమ్మ కుట్టు లెక్కనే వంకర పోయేది. అప్పుడు ఏది నాదో ఏది అమ్మదో నాకే తెల్వకపోయేది. ఎంత సంబురమయ్యేదో! ఆఖరికి కళ్యాణి నీళ్లోసుకుంది. "అక్కా, అమ్మ బొంత ఏస్తేనే నా బిడ్డను తొట్టెలల పండవెడత" అన్నది.

ఇంట్ల కూసున్నంక సూది ముట్టుకుంటే ఒట్టు.

"ఇంట్లనే ఉంటవు గద బిడ్డా, జర మోకాళ్ల దవాఖానకు తీస్కపో" అన్నది మా అత్త కొమురమ్మ. మా బిడ్డ నీహారికకు స్కూలు వ్యాను బందువెట్టిన్రు, ఇంట్లనే ఉంటది గద, అమ్మే దింపుతది అని. మా మేనేజర్ సోమేశ్వరరావు గారికి ఇంకింత తెలివి. "మీకిప్పుడు ప్రయాణం లేదు కదండీ, పొద్దున్నే ఒక కాల్ పెట్టేసుకుందామండీ" అన్నడు. ఆ 'కదండీ' విన్నప్పుడల్లా ల్యాప్‌టాప్ నేలకేసి కొట్టబుద్ధయ్యేది.

బాత్రూంల కూసోని కుట్టి చూసిన. మా అత్త తలుపు కొట్టి "ఏమైంది బిడ్డా, కడుపు నొస్తుందా?" అని అడిగి అడిగి, ఆఖరికి వాము నీళ్లు కాచి తెచ్చింది. తాగక తప్పలే.

ఓ నాడు సెల్లార్ల మా కారులో కూసోని తలుపులేసుకున్న. ఊగకున్నా ఏంది, బస్సే అనుకున్న. నాలుగు కుట్లు వడ్డయో లేదో, వాచ్‌మన్ పరేషానై శేఖర్‌కు ఫోన్ చేసిండు, మేడం ఒక్కతే కారులో కూసోని ఉన్నదని. శేఖర్ చెప్పులు గూడ ఏసుకోకుంట ఉరికొచ్చిండు.

"ఏమైందే? ఎవ్వలన్నా ఏమన్నా అన్నరా?"

ఆపుకుందమంటే ఆగలే, బోరుమన్న. "నాకు టైం లేదు. కళ్యాణికి దినాలు దగ్గరవడ్డయ్. ఈ బొంత అయితలేదు."

"గింత దానికి గింత ఏడుపా? ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట గద" అని నా తల నిమిరిండు. నీహారికను ఆయనే దింపుతడేమో, ఇగ నాకు జర తెరిపి దొరుకుతది అనుకున్న. పిచ్చిదాన్ని.

కళ్యాణికి ఆడపిల్ల పుట్టింది. ఆ సందట్ల, కాల్స్‌ల, దవాఖాన చుట్టూ తిరుగుడుల బొంత ముచ్చటే ఎత్తలేకపోయిన. తొట్టెలల ఏసే దినం దగ్గరికొచ్చింది, ఇయ్యాలన్నా కుడుదమని బీరువా తీస్తే బొంత లేదు. శేఖర్ నవ్వుకుంట వచ్చి ఓ కవరు చేతులవెట్టిండు.

బొంత తయారై ఉన్నది. అంచుకు శాటిన్ గుడ్డ, మీద మిషిన్ కుట్టు, గీత గీసినట్టు.

"టైలర్ అరగంటల కొట్టిచ్చిండు. పాత కుట్లన్నీ వంకరున్నయని ఊడదీయించిన. చూడు, నీకెంత టైం మిగిలిందో!"

నేను ఆ మూల తిప్పిన, ఈ మూల తిప్పిన. ఒక్క కుట్టన్నా ఉంటదేమో అని చీరల అతుకులు ఇప్పదీసినంత పని చేసిన.

"దారమేది?" అన్న.

"ఏ దారం?"

"ఊడదీసింది."

"చెత్తల ఏసుంటడు. గదెందుకు?"

సచ్చిపోదామన్నంత కోపమొచ్చింది. తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. జిలేబి తెచ్చిన నాటి మొకమే అది, నన్ను మురిపించాలని మెరుస్తున్న మొకం. అమ్మ కుట్ల సంగతి ఆయనకు నేనెన్నడు చెప్పలే. బస్సుల ముచ్చట బస్సులనే ఉంచుకున్న. ఇగ ఎవ్వలిని తిట్టాలె?

తొట్టెల కాడ అందరు బొంతను మెచ్చుకున్నరు. కళ్యాణి దాన్ని ఒడిల పరుచుకొని వేలుతోని వరస వెంబడి తడిమింది. తిరగేసి మళ్ల తడిమింది.

"అక్కా, అమ్మ కుట్టింది ఏ పక్క?"

"గీ పచ్చది అమ్మ చీరనేనే" అన్న.

"చీర నాకెరుకే అక్కా. కుట్టు ఏది?"

పిల్లను తీసి బొంత మీద పండవెట్టి తొట్టెల ఊపవట్టిన. కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు. అమ్మ యాదికొచ్చిందనుకొని శేఖర్ నా భుజం మీద చెయ్యేసిండు.