కంఠస్థమైన ప్రశ్నపత్రములు

శిశిరప్రభాతమున గద్వాల ప్రాంతపు మెట్టభూములపై మంచుతెర యింకను పూర్తిగ విడివడకమునుపే ప్రాచీముఖమున బాలభానుడు కుంకుమపంకిలమైన కంచుపళ్లెరమువలె పొడసూపి కోసివైచిన కందిమోళ్లపై నిలిచిన హిమబిందువుల నొక్కింతసేపు మాణిక్యములుగ మెఱయించి యంతలోనే హరించుచుండగ, ఏరగ మిగిలిన దూదిపింజలు కంపచెట్ల ముండ్లకు చిక్కుకొని గాలికి కొట్టుకొనుచుండగ, వలసపోయినవారి తలుపులకు వ్రేలాడు తాళములు తుప్పుపట్టుచుండగ, గుండ్లపాడను కుగ్రామమందలి ప్రాథమికపాఠశాల ముంగిట కొందఱు బాలబాలికలు చాపలపై మోకాళ్లు ముడిచి కూర్చుండి మాదిరి ప్రశ్నపత్రములను పూరించుచుండిరి.

వారి నడుమ చేతులు వెనుకకు కట్టుకొని మెల్లగ సంచరించుచున్న విరూపాక్షయ్య యా పాఠశాలకు గల యొకేయొక యుపాధ్యాయుడు. నాల్గవ తరగతి ముగించు బీదబిడ్డలు ప్రవేశపరీక్షయందు గెలుపొందినయెడల ప్రభుత్వమువారి గురుకులమున చేరి యన్నవస్త్రములకును పుస్తకములకును కొఱతలేక పదవ తరగతివఱకు చదువుకొనవచ్చును. గెలువనియెడల తలిదండ్రులవెంట దూరప్రాంతములందలి యిటుకబట్టీలకు పోవలసినదే. ఇట్టి కూడలియందు నిలిచిన పసివారిచేత నాతడు ప్రతిసంవత్సరమును ఈ పత్రములనే మరల మరల వ్రాయించి సరియైన జవాబులను చదివి వినిపించుచుండెను. అవి పట్టణమందలి మిత్రుడొక డెన్నడో యొసంగిన కట్ట. జిరాక్సుమీద జిరాక్సు తీయింపగ తీయింపగ నక్షరములు చెదరిన చీమలబారులవలె మసకబారినవి. పిల్లలు వ్రాయుచునే యుండిరి. గ్రామమునుండి మాత్రము ఒక్కరైనను గెలిచినవారు లేరు.

ఈ యేడు విరూపాక్షయ్య హృదయమున చిరకాలమునకు ఆశ యంకురించెను. దానికి హేతువు జములమ్మ. తైలసంస్పర్శ మెఱుగని పింగళకేశములును, కృశించిన దేహమునకు మించిన విశాలనేత్రములును గల యా బాలిక గడచిన సంవత్సరములయందు తలిదండ్రులవెంట బట్టీలకు పోయి ధూళిలో పెరిగినదయ్యును, ఈ మాఱు అవ్వయైన సవారమ్మచెంత నిలిచి పాఠశాలకు తప్పక వచ్చుచుండెను. ఏ పత్ర మిచ్చినను తక్కినవా రింకను మొదటి పుట దాటకమునుపే ముగించి తెచ్చి యతని చేతికిచ్చుచుండెను. అందొక్క తప్పైనను కానరాకుండెను. ఆ యుపాధ్యాయుడు తరగతియందఱి యెదుటను ఆమెను వేనోళ్ల కొనియాడెను. అంతటితో తనివితీరక దూరముననున్న యామె తండ్రి బుడ్డన్నతో ఫోనులో నిట్లు పలికెను:

“బుడ్డన్నా, నీ బిడ్డకు సీటు రాకుంటే ఈ ఊర్ల ఇంకెవ్వరికీ రాదు. నా మాట మీద ఈడ్నే ఉంచు.”

“నీ మాట మీదనే ఉంచుతున్న సారూ,” అని యాతడు బదులు చెప్పెను. “రాకుంటే మాత్రం తోల్కపోత. ఈడ ఒక్క ముసల్దాని మీద ఎన్నొద్దులని ఇడిసిపెడుదు?”

మాఘమాసమున నొకనాటి మధ్యాహ్నమున నొక పత్రము చదువుటకు వీలుగానంతగ వెలిసిపోయియుండుటం జూచి విరూపాక్షయ్య యందలి ప్రశ్నలను నల్లబల్లపై వ్రాసెను. సంఖ్యలు కానరానిచోట తనకు తోచిన సంఖ్యలనే నిలిపి, అందుకు తగినట్లు క్రింది నాలుగు జవాబులను గూడ మార్చెను. జములమ్మ యథాపూర్వముగ నందఱికంటె ముందు లేచి వచ్చెను. ఆతడు చిఱునవ్వుతో దిద్దనారంభించి రెండవ లెక్కవద్ద చిఱునవ్వు మాని నాల్గవదానివద్ద కలము నిలిపివైచెను. లెక్కలన్నియు తప్పులే.

“ఈ తొట్టి లెక్క ఎట్ల చేసినవో చెప్పు బిడ్డా,” అని యాతడు మృదువుగ నడిగెను.

బాలిక కన్నులు మూసికొని నిస్సంకోచముగ నిట్లనెను: “ఇది ఆరో పేపరు సారూ. తొట్టి లెక్కకు మూడో జవాబు. రైలు లెక్కకు ఒకటోది. మామిడిపండ్ల లెక్కకు నాలుగోది.”

ఆతడు కట్టనుండి మఱియొక పత్రమును తీసి మొదటి ప్రశ్నను సగము చదువులోపలనే యామె జవాబు చెప్పెను. ఇంకొకటి తీసెను. ఆమె యర్చకుడు సహస్రనామములు చదివినట్లు ధారాళముగ, స్వరము చెడకుండ, పత్రమువెంబడి పత్రమును వల్లించుకొనిపోయెను. మొదట నాశ్చర్యమును పిదప భయమును విరూపాక్షయ్యను పట్టుకొనెను.

“మరి లెక్క?”

“లెక్క రాదు సారూ. నువ్వు భాగారం చెప్పినప్పుడు నేను బట్టీకాడ ఉంటి.”

“రాదని నాకేంటికి చెప్పలే?”

జములమ్మ తలవంచి కాలిబొటనవ్రేలితో నేలను రాచెను. “నువ్వు అందరి ముందర మెచ్చుకుంటివి గదా సారూ.”

పుటలకొలది జవాబులను పొల్లుపోక నిలుపుకొనిన యీ మేధ యెంత యద్భుతమైనది! కూడికదాటి యడుగువేయలేని యీ నిరుపేద జ్ఞాన మెంత దయనీయమైనది! ఈ రెండును ఒక్క పసితలయందే యున్నవని యిన్నాళ్లును ప్రతిదినమును ఆమె యెదుట నిలిచిన తన కెట్లు తెలియకపోయెను? ఇట్లు తలపోసి యాతడు తుదకు సత్యము చెప్పుటయే ధర్మమని నిశ్చయించుకొనెను.

“పరీక్షల ఇవి రావు బిడ్డా. వేరేవి వస్తయి.”

బాలిక కన్నులెత్తి చూచెను. ఆ చూపులో కోపము లేదు. కేవలము తెలిసికొనగోరు శిశువు చూపు. “అయితే ఇవన్ని ఏంటికి రాయించినవు సారూ?”

ఎన్నియో సంవత్సరములుగ నెందఱో పిల్లలచేత వ్రాయించిన యాతనిని ఈ ప్రశ్న యదివఱ కెవ్వరును అడుగలేదు. తానును తన్ను అడుగుకొనలేదు.

మఱునాటినుండి యాతడు కట్టను ప్రక్కకు నెట్టి చింతగింజల రాశిని ముందిడుకొని యా బాలికకు భాగహారమును మొదటినుండి చెప్పనారంభించెను. గింజలు పంచుట యామె కాటగ తోచెను కాని శేషమను మాట మాత్ర మామె బుద్ధి కెక్కదయ్యెను. “మిగిలింది ఎవ్వరికి ఇయ్యాల సారూ?” అని ప్రతిమాఱును అడుగుచుండెను. ఎవరికిని ఈయరాదనిన విశ్వసింపక యా గింజను పిడికిట పట్టుకొని కూర్చుండెడిది. పరీక్ష సమీపించుచుండెను. అందఱికంటె ముందు లేచెడి బాలిక యందఱు లేచినపిదపను వ్రేళ్లు మడచుచు కూర్చుండెను. మునుపు వెనుకబడినవారు ముందుకు పోవుచు నామె పలకలోనికి తొంగిచూచి పోవుచుండిరి.

ఒకనాటి యుదయమున సవారమ్మ చేతికఱ్ఱ నూతగొని పాఠశాలకు వచ్చి గడపలో నిలిచెను.

“సారూ, పిల్ల అన్నం తింటలేదు. మునుపు నిద్రల గూడ జవాబులు చెప్పి నవ్వుతుండె. ఇప్పుడు నిద్రల ఏడుస్తాంది. ఏమాయె?”

ఆతడు జరిగినదంతయు దాచక చెప్పెను. వృద్ధురాలు సాంతముగ వినెను. దీర్ఘముగ నిట్టూర్చెను. “రాదని తెలిసినంక చెప్పుడేంటికి సారూ? ఆ ఉత్త సంతోషమన్న పరీక్ష దాంక ఉండనిస్తే పోతుండె గదా,” అని వెనుదిరిగి మెల్లగ వెడలిపోయెను. చెప్పుట ధర్మమని తాను తలచినది ధర్మమో క్రౌర్యమో యెఱుగజాలక విరూపాక్షయ్య యానాడు పాఠము చెప్పలేకపోయెను.

పరీక్షాదినమున పట్టణమందలి యున్నతపాఠశాల ప్రాంగణము జనాకీర్ణమై యుండెను. శిక్షణకేంద్రములనుండి వచ్చిన పిల్లలు నిగనిగలాడు క్రొత్తపుస్తకములను తుదిక్షణమువఱకు తిరుగవేయుచుండిరి. తన్ను వెంటబెట్టుకొని వచ్చిన విరూపాక్షయ్యను ద్వారముకడ విడిచి జములమ్మ వట్టిచేతులతో లోనికి పోయెను. గంట మ్రోగినపిదప గుంపులుగుంపులుగ వెలువడిన పిల్లలందఱును తమతమవారిని చేరుకొనినవెనుక నామె యొంటరిగ వచ్చెను.

“ఒక్క లెక్క నేనే చేసిన సారూ. సొంతంగ. మిగిలింది ఎవ్వరికి ఇయ్యలే,” అనెను. పిదప స్వరము తగ్గించి, “తక్కినయి సదివేసరికే గంట కొట్టిన్రు,” అనెను.

ఆ యొక్క లెక్క యామె జీవితమున తొలి నిజమైన జవాబు. దానిని కొలుచు త్రాసు ఆ పరీక్షయందు లేదు. విరూపాక్షయ్య యామె తలపై చేయియుంచెను.

ఉగాది వెళ్లినపిదప ఫలితములు వెలువడెను. జములమ్మకు సీటు రాలేదు. ఈ యేడును ఆ గ్రామమున నెవరికిని రాలేదు. విరూపాక్షయ్య యా వార్తను సవారమ్మ యింటికి తానే కొనిపోవునప్పటికి బట్టీనుండి వచ్చిన బుడ్డన్న గడపలో కూర్చుండి మూట కట్టుచుండెను. నిందావాక్యముల నెదుర్కొనుటకు సిద్ధపడి వచ్చిన యుపాధ్యాయునకు నింద లభించియుండినచో కొంత యూరట కలిగియుండును. కాని బుడ్డన్న లేచి నిలిచి చేతులు జోడించెను.

“పోనీ సారూ. నువ్వేం జేస్తవు? పగలు రాత్రి కష్టపడితివి. మా బిడ్డకే రాత లేదు.”

రాత కాదనియు, ఎదుటనున్న బిడ్డను చూడక యామె చేతిలోని కాగితమునే చూచిన తన కన్నులదే లోపమనియు చెప్పవలెనని యాతని నాలుకచివఱకు వచ్చెను. చెప్పలేదు. కూర్చుండుమని పీట వాల్చిన సవారమ్మ ముఖమునైనను చూడలేక తిరిగివచ్చెను.

మఱునాటి యుదయమున బట్టీకి కూలీలను కుదుర్చు మేస్త్రి పంపిన డీసీఎం సరకుబండి వచ్చి యూరిమొగదల నిలిచెను. మూటలును కుండలును పసిపిల్లలును ఒండొరులపై నెక్కింపబడిరి. తండ్రి రెక్కపట్టి పైకి లాగగ జములమ్మ యెక్కి మూటల సందున ముడుచుకొని కూర్చుండెను. బండి కదలునప్పుడు పరుగునవచ్చిన విరూపాక్షయ్య చేయియెత్తి ఆమె పేరుపెట్టి పిలిచెను. యంత్రఘోషమున నది వినబడలేదో, వినియు తిరిగి చూడనొల్లదో, ఆ బాలిక ముఖము పోవుదిక్కునకే యుండెను. శిశువునకు ద్వారము తెఱచెదనని చెప్పి ద్వారముయొక్క చిత్రపటమును మాత్రమే చూపినవాడు చెడ్డవాడు కాకపోవచ్చును. ఆ చిత్రమునకు నుదురు మోదుకొనిన శిశువునకు మాత్రము గాయము నిజమైనదే. బండి కనుమఱుగయ్యెను. ఎత్తిన చేయి దింపుట మఱచి యాతడట్లే నిలిచియుండగ బాటపై లేచిన యెఱ్ఱని ధూళి మెల్లమెల్లగ దిగివచ్చి యాతని తలమీదను చొక్కామీదను, చక్రములు విడిచిన జాడలమీదను భేదములేక పఱచుకొనెను.